ఇబ్బంది ఏమీ లేదని చెప్పారు

“గురువారం మధ్యాహ్నం మిమ్మల్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు దీని మీద అరవై నాలుగు ఉంది. నా చేత్తోనే ఫారంలో రాసిచ్చాను. శనివారం మీరు తిరిగొచ్చేసరికి అరవై. ఆ రెండు రోజులూ మీరు అసలు ఇంట్లోనే లేరు నాన్నా. ఎవరు పీల్చారు దీన్ని?”

కూతురు ఇన్‌హేలరును భోజనాల బల్ల మధ్యలో నిలబెట్టింది. దాని వెనక చిన్న కిటికీలాంటి గాజు, గాజు లోపల అంకె. ఒకసారి నొక్కితే ఒకటి తగ్గుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు.

తండ్రి దానివైపు చూడలేదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి. కొట్లో అడుగు పెడుతూనే తూకపు రాయి ఎంత అరిగిందో కంటిచూపుతో చెప్పేవాడని పేరు. వీధిలో ఇప్పటికీ ఆయన్ని తూకాలాయన అనే అంటారు. ఆ మనిషి ఇప్పుడు బల్ల మీది గీతలను పరీక్షిస్తున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు.

వంటింటి పంపు దగ్గర తల్లి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

“గాలికి తగ్గిందేమోలే,” అంది ఇటు తిరగకుండానే.

“గాలికి తగ్గడానికి అదేమన్నా కర్పూరమా అమ్మా?”

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న అల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. “మీటరు అబద్ధం చెప్పదత్తయ్యగారూ. మావయ్యగారు సర్వీసంతా కొట్లవాళ్ళకి చెప్పింది అదే కదా.”

“మీరు డ్యూటీకి వెళ్ళండి,” అంది కూతురు. “ఊళ్ళో లిఫ్టులన్నీ మీరే బాగుచేస్తారు. మన బిల్డింగు లిఫ్టు ఆగిపోయి మూడు వారాలైంది. మూడంతస్తులు మెట్లెక్కే కదా ఆయనకి ఊపిరి అందకుండా పోయింది.”

“మన లిఫ్టు మా కంపెనీది కాదు. ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది.” అతను సంచీ భుజానికి తగిలించుకున్నాడు. “ఎవరి లిఫ్టు వాళ్ళే బాగుచేయాలి, ఎవరి మందు వాళ్ళే మింగాలి. రూల్సు అలా ఉన్నాయి మరి.”

తలుపు మూసుకుంది. అతను హాస్యానికే అన్నాడు. కానీ తల్లి చేతిలో గిన్నె ఆగిపోయింది. తండ్రి తల ఇంకొంచెం వంగింది. వాళ్ళిద్దరినీ చూసిన కూతురికి ఇక అడగవలసింది ఏమీ మిగల్లేదు. అయినా అడిగింది.

“అమ్మ పీల్చింది. అంతేనా?”

“పొద్దున రెండు పఫ్‌లు నావి,” అన్నాడు తండ్రి. “సాయంత్రం రెండూ మీ అమ్మవి.”

“ఎన్నాళ్ళుగా?”

“అయిదు నెలలు.”

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. బస్ డిపోలో ఆమె టైం కీపరు. ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రోజూ రాయడం ఆమె పని. అయిదు నెలలుగా తన ఇంట్లో, తన కళ్ళ ముందు, రోజూ సాయంత్రం ఏడున్నరకు ఒక వస్తువు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతుంటే ఆమెకు తెలియలేదు.

“డాక్టరు ఏమనుకుంటున్నాడో తెలుసా మీకు? పూటకి రెండు చొప్పున నాలుగూ పీలుస్తూ కూడా ఇలా అయిందంటే జబ్బు ముదిరిందనుకుంటున్నాడు. వచ్చే సోమవారం నుంచి స్టిరాయిడ్ బిళ్ళలు మొదలుపెడదామంటున్నాడు. ఆ బిళ్ళలు మీ ఎముకల్ని ఏం చేస్తాయో ఆయనే చెప్పాడు. మీరు మంచం మీద కూర్చుని ఏమన్నారు? క్రమం తప్పకుండా వాడుతున్నానండీ అన్నారు. నేను పక్కనే ఉన్నాను.”

“క్రమం తప్పలేదు,” అన్నాడు తండ్రి. “సగం సగం. ఒక్క పూట కూడా తేడా రాలేదు.”

ఆ మాటలో అబద్ధం లేదు. నిజం కూడా లేదు. ఆ రెంటికీ మధ్య మనిషి నిలబడగలిగినంత చోటు ఉంటుందని ఆమె ఇంతకుముందు ఎన్నడూ అనుకోలేదు. ఆ చోటులో తన తల్లిదండ్రులు అయిదు నెలలుగా కాపురం ఉంటున్నారు.

“నీ మందేమైందమ్మా? నెలనెలా నేనే కదా తెచ్చిచ్చాను?”

తల్లి చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తీసిన చప్పుడైంది. తిరిగివచ్చి దుప్పట్ల మధ్య నుంచి తీసిన డబ్బాలను బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. అయిదు డబ్బాలు. ఒక్కదానికీ సీలు తీయలేదు.

“మొదటి మూడు నెలలు వాడానే. కొట్టగానే చెయ్యి వణికేది. టీ కప్పు పట్టుకుంటే సాసరు మోగేది. గుండె దడదడలాడేది. ఇక నోరంతా పూసి, మెతుకు ముట్టుకుంటే మంట. ఇంక నా వల్ల కాలేదు.”

“మరి వాడనిదాన్ని నాతో ఎందుకు తెప్పించావు?”

“తెప్పించకపోతే ఎందుకని అడుగుతారుగా.”

నలభై ఆరేళ్ళ కాపురంలో కూరలో ఉప్పు ఎంత వెయ్యాలన్న దాని మీద కూడా ఏకాభిప్రాయం కుదరని మనుషులకు జబ్బు ఒక్కటి కుదిరింది. ఆయనకు తనిఖీలు చేసిన పిండిమరల దుమ్ము. ఆవిడకు పెళ్ళైన కొత్తలో ఊదిన కట్టెల పొయ్యి పొగ. ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు. మందుల ఖర్చు భరించే బీమా ప్లానులకు తెలుసు. ఆయన ప్లాను పింఛనుతో పాటు వచ్చింది. ఆవిడ ప్లాను అదే సంస్థ నుంచి కూతురు ఎంచింది. డాక్టరు ఇద్దరికీ ఒకే ఇన్‌హేలరు రాశాడు. ఆయన ప్లాను మాట్లాడకుండా ఇచ్చింది. ఆవిడ ప్లాను, ముందు పాతరకం వాడి చూడాలి, అది పడలేదని డాక్టరు రాసిస్తేనే కొత్తది, అంది.

“పడలేదని డాక్టరుకి చెప్పొచ్చు కదమ్మా. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్తే ఆయన రాసేవాడు. ఇదంతా ఉండేది కాదు.”

తల్లి డబ్బాలను ఒక వరసలోకి జరిపింది.

“నేను చెప్పమన్నాను,” అన్నాడు తండ్రి.

“మీరు చెప్పమన్నారు, నిజమే,” అంది తల్లి. “మీరు ఎదురుగా కూర్చుని చెప్పగలరా? ఆ కుర్రాడు ఎంత ఆప్యాయంగా అడుగుతాడు. ‘అమ్మా, మందు ఎలా ఉంది, ఇబ్బందేమైనా ఉందా’ అని. నాకు మనవడిలాంటివాడు. ఇచ్చింది పడలేదని మొహం మీద ఎలా అంటాం? అంతమంది బయట కూర్చుని ఉంటే, నా నోటిపూత గురించి చెప్పుకుంటూ కూర్చోనా?”

“నొచ్చుకుంటాడని నువ్వు నోరు కాల్చుకున్నావా?”

“నువ్వు కూడా నొచ్చుకుంటావనే,” అంది తల్లి మెల్లగా. “ఆ ప్లాను ఎంచింది నువ్వు.”

కూతురు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

ఆ ప్లాను ఎంచేటప్పుడు ఆమె మూడు ఆదివారాలు కూర్చుంది. తల్లి అప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏ ప్లాను జాబితాలో ఏవి ఉన్నాయో గుర్తులు పెట్టుకుని, అన్నీ ఉన్నదాన్ని ఎంచింది. ఆ పద్ధతిలో తప్పులేదు. రెండు నెలల తరవాత తల్లికి ఆయాసం మొదలైంది. ప్లాను మార్చుకునే తలుపు ఏడాదికి ఒక్కసారే తీస్తారు. అది మళ్ళీ తీయడానికి అప్పటికి ఇంకా పది నెలలుంది. రాబోయే జబ్బును ముందే ఊహించి ప్లాను ఎంచుకోవాలన్నమాట. అంత దూరం చూడగలిగే మనిషికి బీమాతో పనేముంది?

“నిన్నెవరూ ఏమీ అనలేదే,” అంది వెనక నుంచి తల్లి.

“అనలేదు. అందుకే ఇంత దూరం వచ్చింది. ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.”

ఆమె వెనక్కి వచ్చి అరలోంచి తండ్రి ప్లాను పుస్తకం తీసింది. నిబంధన ఎక్కడో ఉండి తీరుతుందని ఆమెకు తెలుసు. వెతకనక్కర్లేకపోయింది. ఇరవై మూడో పేజీ దానంతటదే తెరుచుకుంది. అక్కడ ఒక వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. స్కేలు పెట్టి గీసిన గీత.

“ఒకరికి మంజూరైన ఔషధమును వేరొకరికి ఇచ్చినట్లు తెలిసినచో ఆ ఔషధము యొక్క మంజూరు నిలిపివేయబడును,” అని పైకి చదివింది. “ఇది మీ పెన్సిలు.”

“అవును.”

“ఎప్పుడు గీశారు?”

“ఇవ్వబోయే ముందు రోజు.”

ఆమెకు కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. నిబంధన తెలియక చేసిన మనిషికి నచ్చజెప్పవచ్చు. చదివి, గీత గీసి, ఆ మర్నాడు చేసిన మనిషికి ఏం చెప్పాలి?

“పదకొండుకి అమ్మ ప్లానువాళ్ళ ఫోను వస్తుంది,” అంది చివరికి. “అమ్మ సాయంత్రాలు దగ్గుతోందని, పాత మందు పనిచేయడం లేదేమోనని, నేను పదిహేను రోజుల కింద కొత్తదానికి మినహాయింపు అడిగాను. వాళ్ళ మనిషి నేరుగా పేషంటుతోనే మాట్లాడతానన్నారు. తొమ్మిదిన్నరకి క్లినిక్ తెరుస్తారు. అమ్మా, పద.”

*

డాక్టరు సాయంత్రం గాని రాడు. ఫైళ్ళ గదిలో నర్సు ఉంది. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, తల్లి ఫైలు తెచ్చి బల్ల మీద విప్పింది.

“పాత ఇన్‌హేలరు పడలేదని, పదకొండుకి ఫోను చేసే ప్లానువాళ్ళకి చూపించడానికి ఒక కాగితం కావాలి,” అంది కూతురు.

నర్సు పేజీలు తిప్పింది. ఒక చోట వేలు పెట్టి ఆగింది. తరవాత ఇంకో చోట. తరవాత ఇంకో చోట.

“నేను చదువుతాను, మీరే చెప్పండి. ‘ఇబ్బంది ఏమీ లేదని చెప్పారు.’ ఇది మొదటి నెల. ‘ఇబ్బంది ఏమీ లేదని చెప్పారు.’ ఇది రెండో నెల. ఆ తరవాత కూడా అదే. ఏడుసార్లు వచ్చారు, ఏడుసార్లూ అదే. చివర్లో డాక్టరుగారు ‘మందు బాగా పడింది’ అని కూడా రాశారు.”

“ఆవిడ అలా చెప్పింది, నిజమే. కానీ నిజం అది కాదు.”

“అమ్మగారూ, మీరు చెప్పండి. పడిందా, పడలేదా?”

తల్లి కూతురి వంక చూసింది. తరవాత నర్సు వంక చూసి ఇబ్బందిగా నవ్వింది. “ఏదో, కొంచెం నోరు పూసేది తల్లీ. పెద్దగా ఏం లేదు.”

“అమ్మా.”

“సరే, పూసేది. చెయ్యి కూడా వణికేది.”

నర్సు కలం తీసి రాసుకుంది. “నేను రాస్తాను. కానీ ఇవాళ్టి తారీఖు వేసి రాస్తాను. వెనక్కి వెళ్ళి రాయలేను కదా. పదకొండుకి మీ ప్లానువాళ్ళ చేతిలో ఉండేది పాత పేజీలే. ఇది డాక్టరుగారు చూసి సంతకం పెట్టి పంపేసరికి రేపో ఎల్లుండో అవుతుంది.”

“అప్పటికి వాళ్ళు కాదంటే?”

“మళ్ళీ మొదట్నుంచి. ఆరు వారాలంటారు, ఎనిమిదంటారు.” నర్సు గొంతు తగ్గించింది. “ఈ గదిలో నేను రోజూ చూసేది ఇదేనమ్మా. ఇంట్లో బాధంతా పిల్లల మీద చూపిస్తారు. ఇక్కడికి వచ్చేసరికి తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, బాగున్నామంటారు. బాగున్నవాళ్ళకి మేం ఏం రాయాలి?”

తల్లి తలకు నూనె రాసి దువ్వుకునే వచ్చింది. చేయి పైకి వెళ్ళి, జుట్టును తాకి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

బయటికి వచ్చాక కూతురు ముందు నడిచింది. బస్సుల మోత దాటాక తల్లే అంది. “మీ నాన్న సంగతి కూడా ఆవిడకి చెప్తావేమోనని భయపడ్డాను.”

“చెప్పాలనే అనుకున్నాను. ఆయన డాక్టరూ ఈ డాక్టరే. నిజం తెలిస్తే ఆ బిళ్ళలు ఆపుతాడు.”

“చెప్తే రాస్తాడు. రాస్తే ఆ ఫైలు ఆయన ప్లానుకు వెళ్తుంది.”

“చెప్పకపోతే అక్కర్లేని మందు మింగుతారు. చెప్తే అక్కరున్న మందు ఆగిపోతుంది. ఏది కావాలో నువ్వే చెప్పు.”

“నన్నడుగుతావేంటే? నాకు ఎదురుగా ఉన్నవాళ్ళ మనసు కష్టపెట్టకుండా మాట్లాడటం తప్ప ఇంకేం వచ్చు?” అంది తల్లి. అది వినయం కాదు, నేరాంగీకారం. నడుస్తూ నడుస్తూ, ఆయాసం వల్ల ఆ మాటను రెండు ముక్కలుగా అంది.

*

పదకొండుకు పది నిమిషాలుంది. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. కూతురు ఫోనును బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కి చూసుకుంది.

“అడిగినదానికి మటుకే చెప్పు,” అంది తల్లితో. “చెయ్యి వణికింది, గుండె దడ, నోటిపూత. డాక్టరుకి చెప్పడానికి మొహమాటపడ్డాను. అంతవరకే. నాన్న మాట రాకూడదు.”

“అడిగితే?” అన్నాడు తండ్రి.

“అడగరు.”

“నేను కొట్లోకి వెళ్తే మొదటి ప్రశ్న తూకం గురించి అడిగేవాణ్ణి కాదు. సరుకు ఎక్కడ కొన్నావు, ఎప్పుడు కొన్నావు, ఇవే అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకల్లా రాయి వాడే బయటపెట్టేవాడు.”

“వాళ్ళు మీలాంటివాళ్ళు కాదు నాన్నా.”

“నాలాంటివాళ్ళే అయ్యుంటారు. జీతానికి పనిచేసేవాళ్ళు.” ఆయన ఒక క్షణం ఊపిరి తీసుకున్నాడు. “రాయి అరిగిపోయిందని నా కాళ్ళు పట్టుకున్నవాళ్ళున్నారు. పిల్లల తల్లినయ్యా, తెలియక వాడానయ్యా అన్న ఒకావిడకి కూడా జరిమానా రాశాను. రాయి రాయేనన్నాను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి అడగరులే అంటున్నారు.”

“అదీ ఇదీ ఒకటేనా?” అంది తల్లి. “ఆవిడ జనానికి తక్కువ తూచింది. మీరు మీకే తక్కువ తూచుకున్నారు.”

ఆ తేడా ఉన్నదని ఆయనకు తెలుసు. అది నిబంధనలో లేదని కూడా తెలుసు.

ఫోను మోగింది.

అవతలి గొంతు ఆడపిల్లది, మర్యాదగా ఉంది. మాటలు రికార్డవుతాయని చెప్పింది. పుట్టిన తేదీ అడిగింది. తరవాత, ఫైల్లో ఏడు చోట్ల ఇబ్బంది లేదని ఉంది, మీరేమంటారమ్మా, అంది.

తల్లి ఫోను వంక చూసింది. ఎదురుగా ముఖం లేదు. నొచ్చుకునే కళ్ళు లేవు. బహుశా అందువల్లే కావచ్చు, ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. సాసరు మోగిన సంగతి చెప్పింది. రాత్రి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినబడేదని చెప్పింది. చల్లని నీళ్ళు కూడా నోట్లో మండేవని, ఇంట్లో ఎవరికీ తెలియకుండా ముద్దలు మింగేసేదాన్నని చెప్పింది. కూతురు వినని మాటలు కూడా అందులో ఉన్నాయి.

“ఇదంతా డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదమ్మా?”

“మంచివాడమ్మా ఆయన. మంచివాళ్ళకి కాదని చెప్పడం నాకెవరూ నేర్పలేదు.”

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. చాలాసేపు. “ఇవి మినహాయింపుకి సరిపోయే కారణాలేనమ్మా,” అంది గొంతు. “నేను అనుకూలంగానే రాస్తున్నాను.”

కూతురు కళ్ళు మూసుకుని తెరిచింది. తండ్రి కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఒక్కటి మిగిలింది. పాత మందు ఎప్పుడు ఆపేశారు?”

“అయిదు నెలలైంది.”

“మరి ఈ అయిదు నెలలూ ఏం వాడుతున్నారు?”

కూతురు చేతికందిన కాగితం మీద ‘ఏమీ లేదు’ అని రాసి తల్లి ముందుకు జరిపింది. తల్లి దాన్ని చదివింది. తిరిగి కూతురి ముందుకు జరిపింది.

“అమ్మగారూ, వినబడుతోందా?”

“ఏమీ లేదండీ,” అంది కూతురు. “ఏమీ వాడలేదు.”

“మీరు కూతురా? అలాగే రాసుకోమంటారా?” గొంతు తటపటాయించింది. “ఒక మాట చెప్పడం నా బాధ్యత. ఏ మందూ లేకుండా అయిదు నెలలు గడిచాయని రాస్తే, అయితే అవసరమే లేదు కదా అని పైవాళ్ళు కొట్టేస్తారు. వేరే ఏదైనా వాడి ఉంటే, దానితో గుణం కనిపించి ఉంటే, అది చెప్తే అర్జీకి బలం. ఆలోచించుకుని చెప్పండి.”

వాడలేదంటే ఆవిడకు మందు రాదు. వాడిందంటే ఆయనకు మందు ఉండదు. ఈ రెండు తలుపులూ ఎవరో కక్షతో మూసినవి కావు. ఎవరి తలుపు వాళ్ళు జాగ్రత్తగా, నిబంధన ప్రకారం, మంచి ఉద్దేశంతోనే మూసుకున్నారు.

“నిజం చెప్తే ఏమవుతుందమ్మా?” అంది తల్లి.

“ఏ నిజమమ్మా?”

తల్లి సమాధానం చెప్పేలోగా తండ్రి ముందుకు వంగాడు.

“నేను ఆవిడ భర్తని. అయిదు నెలలుగా ఆవిడ నా మందు వాడుతోంది. నేనే ఇచ్చాను.”

“ఆయన మాటలు పట్టించుకోకమ్మా,” తల్లి గబగబా ఫోను మీద అరచెయ్యి పెట్టింది. “ఆయనకి సరిగా వినబడదు. దేనికో దేనికో జవాబు చెప్తారు.” తరవాత భర్త వైపు తిరిగి గొంతు తగ్గించింది. “మీకేమన్నా మతిపోయిందా? ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులు కాలేదు.”

“చెయ్యి తియ్యి.”

“తియ్యను.”

“నీ సాయంత్రాలు నేను లెక్కపెట్టాను,” అన్నాడాయన. “పాత మందుతో మెట్లు నాలుగు ఎక్కి కూర్చునేదానివి. దీంతో పధ్నాలుగు ఎక్కావు. అది ఒక్కటే నీ దగ్గరున్న సాక్ష్యం. దాన్ని దాచమంటావా?”

“నాన్నా, ఒక్క రోజు ఆగుదాం,” అంది కూతురు. “ఎవరినైనా అడుగుదాం. రేపు మళ్ళీ చేయమందాం.”

“సార్,” అంది ఫోను తల్లి వేళ్ళ కింద నుంచి, సన్నగా. “ఇప్పుడన్నది నేను విన్నాను. అది రాయాలంటే మీ ప్లాను నంబరు కావాలి. నంబరు లేకపోతే అది మాట కింద లెక్క, రుజువు కింద లెక్క కాదు. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం.”

ఆ పిల్ల తమకు దారి చూపిస్తోందో, ఉచ్చు చూపిస్తోందో కూతురికి అర్థం కాలేదు. ఆ పిల్లకైనా తెలుసో లేదో.

తండ్రి, తల్లి చేతిని పట్టుకుని పక్కకు జరిపాడు. బలవంతంగా కాదు. ఆవిడ కూడా ఆ చేతిని వెనక్కి తెచ్చుకోలేదు.

“రాసుకోండి. నాలుగు. ఏడు. సున్నా.”

అవతల మీటలు నొక్కుతున్నారు. కూతురు వేలు ఫోను మీది ఎర్ర గుర్తు దగ్గరకు వెళ్ళింది. నొక్కితే ఇప్పటికింకా మాటే. నంబరు మొత్తం తొమ్మిది అంకెలు.

“రెండు,” అన్నాడు తండ్రి. “రెండు...”

దగ్గు వచ్చింది. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఇంకో దగ్గు, దాని మీద ఇంకొకటి. భుజాలు పైకి లేచాయి. గొంతులో ఈల లాంటి చప్పుడు మొదలైంది. చేయి ఎత్తి, ఆగమన్నట్టు గాలిలో ఉంచాడు. అంకె నోటి దాకా వచ్చింది గాని దాన్ని బయటికి తోయడానికి ఊపిరి లేదు.

“సార్?” అంది గొంతు. “అయిదు అంకెలు వచ్చాయి. మిగతావి?”

కూతురు లేచి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. ఆమె వేలు ఇప్పుడు ఎర్ర గుర్తు దగ్గర లేదు. అక్కడ ఎవరి వేలూ లేదు. కొంచెం సేపు మాట్లాడకుండా ఉంటే చాలు, నంబరు అక్కడే ఆగిపోతుంది.

తల్లి ఫోనును తన వైపు తిప్పుకుంది. భర్త మందు తేవడానికి ఎన్నో నెలలు మందుల కొట్టు ముందు నిలబడి చెప్పిన నంబరు అది. తన నంబరు ఆవిడకు ఈ రోజుకూ కాగితం చూస్తే గాని రాదు.

“తొమ్మిది, ఒకటి, ఒకటి, ఆరు,” అంది. “రాసుకున్నావా తల్లీ?”

“రాసుకున్నానమ్మా. ఇద్దరి ఫైళ్ళూ కలిపి చూడాలి. మా పై అధికారికి ఇస్తున్నాను. లైన్లో ఉండండి.”

ఫోనులో సంగీతం మొదలైంది. తండ్రి ఇంకా ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు. తల్లి ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఫోను వంకే చూస్తూ కూర్చుంది.